అప్‌డేట్: ఆర్‌లో ఐచ్ఛిక ఆర్గ్యుమెంట్, మిస్సింగ్() వదిలి నల్‌కి మారాక

గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్ గురించి అడిగిన ప్రశ్న ఇదీ: సగటు లెక్కించే ఫంక్షన్‌కి వెయిట్స్ (ఒక్కో విలువకిచ్చే ప్రాధాన్యం) ఇవ్వకపోయినా నడవాలి, మరో ఫంక్షన్ నుంచి డూ.కాల్()తో, అంటే ఆర్గ్యుమెంట్లన్నీ ఒక లిస్ట్‌గా ఇచ్చి, పిలిచినా నడవాలి. ఆ ప్రశ్నకి వచ్చిన సమాధానాల్లో చెప్పినట్టే డిఫాల్ట్‌ని నల్ (ఏమీ లేదని చెప్పే విలువ) చేసి, లోపల ఈజ్.నల్()తో చూస్తే రెండూ కుదిరాయి. "ఇవ్వలేదు" అని చెప్పాలంటే బయటి ఫంక్షన్ నల్ పంపితే చాలు. ఆర్గ్యుమెంట్ ఇచ్చారా లేదా అని చూసే మిస్సింగ్() అయితే అలా పంపడం తలనొప్పి. పైగా లోపల ఆ పేరుకి విలువ కేటాయించాక దాని జవాబు నమ్మలేం.

డిఫాల్ట్‌ని నేరుగా రెప్(1, లెంగ్త్(ఎక్స్)) అని, అంటే డేటా ఎక్స్ పొడవు ఎంతో అన్ని ఒకట్లు అని, రాస్తే మాత్రం జాగ్రత్త. వెయిట్స్‌ని మొదటిసారి వాడినప్పుడే ఆర్ దాన్ని లెక్కిస్తుంది. ఈలోపు ఎక్స్‌లోంచి రెండు ఎన్ఏలు (లేని విలువలు) తీసేస్తే పొడవు 10 బదులు 8 అవుతుంది. తర్వాత ఏవి ఉంచాలో చెప్పే పాత 10 పొడవు లాజికల్ (ట్రూ/ఫాల్స్) వెక్టర్‌తో వెయిట్స్‌నీ వడకడితే, తీసేసిన రెండూ సరిగ్గా చివరివే అయితే తప్ప, చివర్లో ఎన్ఏలు పుట్టి, సగటే ఎన్ఏ అయిపోతుంది. ఎర్రర్ రాదు, అదే అసలు ప్రమాదం! అందుకే ఈజ్.నల్() తనిఖీ, వెయిట్స్ నింపడం రెండూ ఫంక్షన్ మొదటి వరుసల్లోనే, వడకట్టక ముందే.

ఇఫ్‌లో "వెయిట్స్ == నల్" అని రాయకండి, పొడవు సున్నా అని ఎర్రర్ వస్తుంది. ఆర్ 4.4.0 నుంచి శాతం గుర్తుల మధ్య రెండు నిలువు గీతల ఆపరేటర్ (%||%) బేస్‌లోనే, అంటే వేరే ప్యాకేజీ లేకుండానే, ఉంది; ఎడమవైపుది నల్ అయితే కుడివైపు విలువ ఇస్తుంది. దాంతో ఈజ్.నల్() తనిఖీ, వెయిట్స్ నింపడం ఒక్క వరుసలో తేలిపోతాయి.