ఆటలో ఒగ్గు డోలు: కోడ్‌కిచ్చిన స్వేచ్ఛ పాటకూ ఇవ్వాలా?

హన్మకొండ డెవలపర్:
మేం నలుగురం కలిసి కాకతీయుల కోట మీద ఒక మొబైల్ ఆట తయారు చేస్తున్నాం. కోడ్‌ను ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే జీపీఎల్ 3 లైసెన్సు కింద పెట్టాం, అందులో పేచీ లేదు. సంగీతం దగ్గరే ఆగిపోయాం. ఐనవోలు దగ్గరి ఊళ్లో ఒగ్గు బృందంతో 11 నిమిషాలు రికార్డు చేశాం. డోలు, తాళాలు, మల్లన్న కథలోని ఒక పాట. డబ్బులిచ్చాం, వాళ్లూ సంతోషంగా పాడారు. వచ్చేటప్పుడు బృందం పెద్దాయన "దీన్ని ఎవరన్నా అమ్ముకుంటరా బిడ్డా?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు. పాటలూ బొమ్మలూ పంచుకోవడానికి క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సులున్నాయి. వాటిలో బై-ఎస్‌ఏ అయితే పేరు చెప్పి ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, అమ్మొచ్చు. మార్చినదాన్ని మళ్లీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌సీ అయితే వ్యాపారానికి వాడకూడదు. నా మనసు బై-ఎస్‌ఏ వైపే ఉంది.

డోలుదెబ్బ:
ఎన్‌సీ పెట్టు తమ్ముడూ. మా నాయన ఒగ్గు కథ చెప్పేవాడు. క్యాసెట్ల రోజుల్లో ఒక కంపెనీవాళ్లొచ్చి ఒక్క రాత్రి పాడించుకుని, చేతిలో ఎంతో కొంత పెట్టిపోయారు. ఆ క్యాసెట్ ఏ జాతరకు పోయినా మోగేది. మా నాయన గొంతును మేమే కొనుక్కుని విన్నాం. అట్ట మీద ఆయన పేరు కూడా లేదు. కోడ్ రాసేవాళ్లకు జీతం వస్తుంది. ఆయనకు పాటే ఆస్తి.

కాజీపేట జంక్షన్:
అన్నా, అది అన్యాయమే. పేరు తీసేస్తే బై-ఎస్‌ఏలో కూడా ఉల్లంఘనే అవుతుంది. కానీ ఎన్‌సీ పెడితే ఆట ఎక్కడెక్కడ ఆగిపోతుందో చూడండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో లినక్స్ వ్యవస్థ తయారుచేసే డెబియన్ ప్రాజెక్టు 2004లో తన సామాజిక ఒప్పందాన్ని సవరించి, స్వేచ్ఛ నియమం కోడ్‌కే కాదు, లోపలున్న బొమ్మలకూ పాటలకూ వర్తిస్తుందని తేల్చింది. ఎన్‌సీ ఉంటే దాని ప్రధాన విభాగంలోకి రానివ్వరు. స్వేచ్ఛా యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ స్టోర్‌లో స్వేచ్ఛ లేని సామగ్రి ఉందని ముద్ర వేస్తారు. వికీపీడియాకు బొమ్మలూ శబ్దాలూ అందించే వికీమీడియా కామన్స్ అసలే తీసుకోదు.

డూమ్ ఆట సంగతి గుర్తుందా? 1997లో కోడ్ బయట పెట్టారు, బొమ్మలూ శబ్దాలూ ఇవ్వలేదు. ఆట మొత్తం స్వేచ్ఛగా దొరకాలని ఫ్రీడూమ్ ప్రాజెక్టువాళ్లు ప్రతి రాక్షసుణ్ణీ మళ్లీ గీయాల్సి వచ్చింది, పాటలు మళ్లీ కట్టాల్సి వచ్చింది. సగం ఇచ్చిన స్వేచ్ఛకు అంత చాకిరీ! ఇంకోటి, మన ఊరి పిల్లవాడు ప్రకటనలొచ్చే యూట్యూబ్ వీడియోలో ఆ డోలు వాడుకుంటే అది వ్యాపారమా, కాదా? ఎన్‌సీ పెట్టి వాణ్ణీ భయపెడదామా?

భద్రకాళి బండ్:
డోలు సంగతి సరే, పాట సంగతి? జీపీఎల్ రాసిన స్టాల్‌మన్ కూడా పనికి వాడే వాటికే మార్చుకునే స్వేచ్ఛ తప్పనిసరి అంటాడు, కళను వేరుగా చూస్తాడు. నా టెన్షన్ డబ్బు గురించి కాదు. మల్లన్న పాటను ముక్కలు చేసి ఏ బూతు వీడియో కిందో పెడితే? 2012 సవరణతో మన కాపీరైట్ చట్టం, పరువు పోయేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కును ప్రదర్శకులకు ఇచ్చింది. క్రియేటివ్ కామన్స్ 4.0 లైసెన్సు ఇచ్చినవాళ్లు, లైసెన్సుకు అడ్డమొచ్చినంత మేరకు ఆ హక్కు వాడబోమని ఒప్పుకున్నట్టే. పైగా ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. ఇదంతా ఆ పెద్దాయనకు చెప్పారా?

హన్మకొండ డెవలపర్:
చెప్పలేదక్కా. పేరు వేస్తామని మాత్రమే చెప్పాం. పాడింది ఆయనైతే, లైసెన్సు గురించి నేను ఇక్కడ అడుగుతున్నాను, తప్పే. కోటలో పరిగెత్తేటప్పుడు వినపడాల్సింది డోలే, పాట లేకున్నా ఆట నడుస్తుంది. డోలు, తాళాలు వేర్వేరు మైకుల్లో తీశాం కాబట్టి ఆ ట్రాకులు విడివిడిగా బై-ఎస్‌ఏ కింద ఇద్దామని అడుగుతాను. పాటను ఏం చేయాలో ఆయన చెప్పినట్టే. అమ్ముకోవచ్చని కూడా దాచకుండా చెప్తాను. ఆదివారం పోదామనుకుంటున్నాం. డోలుదెబ్బ అన్నా, మీరు రాగలరా?

డోలుదెబ్బ:
వస్తా. ఆదివారం వద్దు, మల్లన్న వారం, వాళ్లకు కథలుంటాయి. సోమవారం పొద్దున పెట్టుకో. రికార్డింగ్ ఫోన్‌లో వేసుకుని రా, ఆయన మొత్తం విననీ. తాళాలు కొట్టినవాళ్ల పేర్లు కూడా రాసుకుందాం.