మామియా సిక్స్ (1940): జర్మన్ కెమెరాకి కాపీయా, సొంత బుర్రా?

పాతరీలు:
యుద్ధానికి ముందు జపాన్‌లో తయారైన మడత కెమెరాలన్నీ బయటివాళ్ల కాపీలే అన్నది నా అభిప్రాయం. 1925లో కొనిషిరోకు కంపెనీ తెచ్చిన పర్లెట్, కొడాక్ వెస్ట్ పాకెట్‌ని అచ్చు గుద్దినట్టే ఉంటుంది. తర్వాత మినోల్టాగా మారిన సంస్థ తొలి కెమెరా నిఫ్కాలెట్ 1929 నాటిది. దాని లెన్సూ షట్టరూ జర్మనీ నుంచి తెప్పించినవే. సెమీ మినోల్టాలో జర్మన్ కంపెనీ జైస్ వాళ్ల మడత కెమెరా ఐకొంటా పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మరి మామియా సిక్స్‌ని మాత్రం ఎందుకు నెత్తిన పెట్టుకుంటున్నారు? అదీ మూత తెరిస్తే బెల్లోస్ (లెన్స్‌ని బాడీకి కలిపే మడతల తిత్తి) బయటికొచ్చే కెమెరాయే కదా.

చీకటిగది:
పాతరీలు గారూ, పర్లెట్ విషయంలో మీతో వాదన లేదు. మామియాని ఆ గుంపులో కలిపితే మాత్రం ఒప్పుకోను. మూత చూసి తీర్పు చెప్పకండి, ఫోకస్ ఎలా చేస్తుందో చూడండి.

మడత కెమెరా ఫోకస్‌కి రేంజ్‌ఫైండర్ (వస్తువు ఎంత దూరంలో ఉందో కొలిచే అద్దాల అమరిక) కలపడమే ఆ రోజుల్లో పెద్ద తలనొప్పి. రేంజ్‌ఫైండర్ బాడీ మీద ఉంటుంది, లెన్స్ ఏమో బెల్లోస్ చివర ఉంటుంది. 1934లో సూపర్ ఐకొంటాతో జైస్ వాళ్లు లెన్స్ పక్కన చిన్న చెయ్యిలాంటిది నిలబెట్టి, అందులో తిరిగే గాజు పట్టకాలు పెట్టారు. గొప్ప పనితనం, కాదనను. కానీ అక్కడ ఫోకస్ జరిగేది లెన్స్‌లో ముందున్న గాజుని తిప్పి. గాజుల మధ్య దూరం మారేసరికి దగ్గరి ఫొటోల్లో కొంత షార్ప్‌నెస్ పోతుంది.

మామియా సిక్స్‌ని రూపొందించిన మామియా సెయిచీ లెన్స్ జోలికే పోలేదు, ఫిల్మ్‌నే ముందుకీ వెనక్కీ జరిపాడు. కెమెరా వెనక బొటనవేలికి అందే చోట చిన్న గరుకు చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే లోపల ఫిల్మ్ ఉన్న చట్రం కదులుతుంది, దాంతో పాటే రేంజ్‌ఫైండరూ. రెండూ బాడీలోనే ఉన్నాయి కాబట్టి లెన్స్ దాకా లింకు పెట్టాల్సిన అవసరమే లేదు. 75 ఎం.ఎం. లెన్స్ అనంతం నుంచి మీటరు దూరానికి రావాలంటే 6 మి.మీ. పైచిలుకు కదలిక చాలు. ఆ కాస్త చోటు బాడీలోనే దొరుకుతుందని కనిపెట్టడం కాపీ ఎలా అవుతుందండీ?

బెజవాడబెల్లోస్:
ఐడియా బాగుంది అన్నా, కానీ దాని ఖర్చు ఎవరూ చెప్పరు. ఫిల్మ్‌ని వెనక నుంచి అదిమిపెట్టే ప్రెషర్ ప్లేట్ మామూలు కెమెరాల్లో తలుపుకే ఉంటుంది. ఇందులో అది విడి రేకు. ఫిల్మ్ ఎక్కించాక చేత్తో లోపలికి తొయ్యాలి. చేతులు మారేటప్పుడు అది ఎక్కడో పోతుంది. అది లేకపోతే ఫిల్మ్ ఉబ్బుతుంది, చక్రం ఎంత జాగ్రత్తగా తిప్పినా లాభం లేదు. ఐకొంటాకి ఈ బెడద లేదు.

పాతరీలు:
చీకటిగది గారూ, ఫిల్మ్ జరపడం కొత్త ఆలోచనే, సరే. కానీ దాన్ని సొంత బుర్ర అనేకంటే గత్యంతరం లేక చేసిన పని అంటాను. 1937లో చైనాతో యుద్ధం మొదలయ్యాక జపాన్ దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. జర్మన్ కంపూర్ షట్టర్లు దొరకడం కష్టమైంది, అందుకే మామియాకి జపాన్‌వే అయిన కోపాల్ షట్టర్, కే.ఓ.ఎల్. లెన్స్ వచ్చాయి. పైగా 1940ని నేను మొదట యుద్ధానికి ముందు అనడమే తప్పు. పసిఫిక్ యుద్ధం 1941 డిసెంబరులో మొదలైందేమో గానీ, అక్కడి జనానికి యుద్ధం 1940 నాటికే మూడేళ్లుగా నడుస్తోంది.

చీకటిగది:
తేదీ విషయంలో మీదే రైటు, అది నేనూ ఒప్పుకుంటాను. దిగుమతుల వాదన మాత్రం ఇక్కడ అతకదు. ఆంక్షల వల్ల షట్టర్ మారుతుంది, లెన్స్ మారుతుంది. ఫోకస్ విధానం ఎందుకు మారాలి? ముందు గాజు తిప్పే పద్ధతికి జర్మనీ సరుకు అక్కర్లేదు, అదే చవక కూడా. దాన్ని వదిలేసి బాడీలో కదిలే చట్రం తయారు చేయడం ఇంకా కష్టమైన పని. తర్వాత ఇంగ్లండ్‌లో వచ్చిన ఎన్‌సైన్ కమాండో కూడా ఫిల్మ్‌నే జరుపుతుంది. మామియా వాళ్లయితే యుద్ధం అయ్యాక కూడా సిక్స్ మోడళ్లలో ఇదే పద్ధతి కొనసాగించారు.

బెజవాడబెల్లోస్:
కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు ముందు వెనక తలుపు తెరిచి ఉన్న ఫొటో అడగండి. రేకు కనిపించకపోతే బేరం వద్దు. రేకు ఉంటే బెల్లోస్‌లో చిల్లులు చీకట్లో టార్చ్ పెట్టి చూసుకోవచ్చు, ఇందులో వాడే 120 రకం రోల్ ఫిల్మ్ ఎలాగూ ఇప్పటికీ దొరుకుతోంది.