వార్విక్ ఎర్ల్‌కి నాలుగో ఎడ్వర్డ్ ఏ వరుస?

ప్రశ్న: ఇంగ్లండ్ గులాబీ యుద్ధాల (15వ శతాబ్దంలో గద్దె కోసం రాజవంశంలోని రెండు శాఖల మధ్య జరిగిన పోరాటాల) మీద వ్యాసం రాస్తున్నాను. వార్విక్ ఎర్ల్ (ఎర్ల్ అంటే అక్కడి ప్రభువుల హోదా) రిచర్డ్ నెవిల్ (1428–1471), రాజు నాలుగో ఎడ్వర్డ్ ‘కజిన్లు’ అని ఉంది. ‘దాయాదులు’ అని రాసేయొచ్చా? ఎలాగూ తర్వాత కొట్టుకున్నారు కదా.

జవాబు: కొట్టుకున్నంత మాత్రాన దాయాదులైపోరండీ! దాయాదులంటే తండ్రి వైపు ఒకే వంశం వాళ్లు, ఆస్తిలో వాటా ఉన్నవాళ్లు. ఎడ్వర్డ్ తల్లి సిసిలీ నెవిల్, వార్విక్ తండ్రికి తోడబుట్టిన చెల్లెలు. అంటే వార్విక్‌కి మేనత్త. ఎడ్వర్డ్ 1442లో పుట్టాడు, వయసులో చిన్న, కాబట్టి మన లెక్కన బావమరిది.

అసలు దాయాదులు ఎడ్వర్డ్, అతనికి ముందు గద్దె మీదున్న ఆరో హెన్రీ. ఇద్దరూ మగ సంతతి వైపు నుంచి పూర్వపు రాజు మూడో ఎడ్వర్డ్ వంశమే. వార్విక్ 1461లో మేనత్త కొడుకుని గద్దెనెక్కించడానికి అండగా నిలిచాడు, 1470లో అతన్ని తరిమి ఆ దాయాదినే మళ్లీ కూర్చోబెట్టాడు. ‘కింగ్‌మేకర్’ (రాజుల్ని చేసేవాడు) అని వార్విక్‌కి పేరు ఊరికే రాలేదు.

అన్నట్టు, వార్విక్ ఆయన ఇంటిపేరు కాదు. భార్య ఆన్ బోషాంప్ తరఫున 1449లో సంక్రమించిన ఎర్ల్ పదవి. వ్యాసంలో ‘వార్విక్ వంశం’ అని మాత్రం రాయకండి.

మరొకరు: వాళ్లకు లేని వరుసలు మనం అంటగట్టడం ఎందుకు? అక్కడ మేనరికాలున్నాయా ఏమిటి?

జవాబు: మేనరికం ఆచారం లేదు, నిజమే. చర్చి దగ్గరి చుట్టరికాల్లో పెళ్లి ఒప్పుకునేది కాదు. 1469లో వార్విక్ పెద్దకూతురు ఇసబెల్‌ని ఎడ్వర్డ్ తమ్ముడు క్లారెన్స్ డ్యూక్ జార్జ్‌కి ఇవ్వాలంటే పోప్ అనుమతి కావాల్సివచ్చింది. రాజు వద్దన్నా, కలే రేవుపట్టణంలో పెళ్లి చేసేశారు. చేయించింది యార్క్ ఆర్చ్‌బిషప్ జార్జ్ నెవిల్, పెళ్లికూతురి సొంత బాబాయి! క్లారెన్స్ ఆ అమ్మాయికి మేనమామ వరుస. మన ఇళ్లలోనైతే శుభలేఖలు వేసుకునే సంబంధమే. వార్విక్ 1471లో బార్నెట్ యుద్ధంలో పోయాక చిన్నకూతురు ఆన్ కూడా క్లారెన్స్ తమ్ముడు రిచర్డ్‌నే చేసుకుంది. అతనే తర్వాత మూడో రిచర్డ్.

వరుసకి బావమరిదే అయినా, వ్యాసంలో మాత్రం ఎడ్వర్డ్‌ని ‘బావమరిది’ అనొద్దు. చదివేవాళ్లు భార్య తమ్ముడనో, చెల్లెలి మొగుడనో అనుకుంటారు. ‘మేనత్త కొడుకు’ అంటే ఏ గొడవా లేదు.

ప్రశ్న: మరి రాజు ఉత్తరాల్లో ప్రతి ఎర్ల్‌నీ ‘కజిన్’ అనే పిలుస్తున్నాడే?

జవాబు: అది రాజాస్థానం మర్యాద, ఎర్ల్‌కీ ఆపై హోదా వాళ్లకీ వాడే సంబోధన. అక్కడ చుట్టరికం వెతక్కండి, ‘బంధువర్యా’ అని రాసుకోండి చాలు.