సెయిలింగ్ శిక్షణకు పదమూడేళ్లు దాటిన పిల్లలను తీసుకోవాలా? ఏ మాట చెప్పి తీసుకోవాలి?

తెరచాప (చర్చ ప్రారంభం)

హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో కొన్నేళ్లుగా ప్రభుత్వ పాఠశాలల నుంచి, గురుకులాల నుంచి పిల్లలను ఎంపిక చేసి సెయిలింగ్, అంటే తెరచాప పడవ నడపడం, నేర్పిస్తున్నారు. వారిలో కొందరు జాతీయ పోటీల్లో పతకాలు కూడా సాధించారు. బస్తీ పిల్లలకు సంపన్నుల ఆటగా పేరుపడిన క్రీడలో చోటు దొరకడం నిజంగా సంతోషించవలసిన విషయం. అయితే ఇటువంటి శిక్షణల ఎంపిక ఎక్కడ జరిగినా ఒక మాట వినిపిస్తుంది. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకే మొగ్గు చూపుతారు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఎంత ఉత్సాహంతో ముందుకు వచ్చినా వయసు మించిందని వెనక్కి పంపుతారు. ఒకవేళ తీసుకున్నా, పతకం వస్తే క్రీడా కోటాలో ఉద్యోగం వస్తుందన్న ఆశ చూపి తీసుకుంటారు. ఈ రెండూ సరికావని నా అభిప్రాయం. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలను తప్పకుండా చేర్చుకోవాలి, వారికి పతకం కాక పడవ నడిపే విద్యనే హామీగా ఇవ్వాలి. ఈ రంగంతో పరిచయం ఉన్నవారు, పిల్లల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తమ అభిప్రాయాలు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

చుక్కాని

తెరచాప గారూ, శిక్షకులకు పెద్ద పిల్లల మీద కోపం ఉండి ఆ నియమం పెట్టలేదండి. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. పదిహేనేళ్లు నిండే సంవత్సరం వరకే ఆ పడవలో పోటీకి అనుమతి ఉంటుంది. పదమూడేళ్లకు చేరినవాడికి నీటి భయం పోయి, గాలి ఎటు నుంచి వీస్తోందో ఒంటికి తెలిసి, ఎదురుగాలిలో పడవను ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్లిస్తూ ముందుకు తీసుకువెళ్లడం వంటబట్టేసరికే ఏడాది గడిచిపోతుంది. ఆపైన పోటీలకు మిగిలేది మరో ఏడాది మాత్రమే.

ఆ తరువాతి మెట్టు ఐఎల్‌సీఏ 4 అనే, ఒక్కరే నడిపే పడవ. దాని పొడవు నాలుగు మీటర్లు దాటుతుంది. గట్టి గాలిలో అది బోల్తా పడకుండా ఉండాలంటే పిల్లవాడు అంచు మీద కూర్చుని, ఒంటిని నీటి మీదికి వాల్చి, తన బరువుతో దానిని నిలబెట్టాలి. అందుకు కనీసం యాభై కిలోలకు పైబడిన శరీరం కావాలి. ప్రభుత్వ పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఎందరో నలభై కిలోల దగ్గరే ఉంటారు. అంటే ఒక పడవకు వయసు మించినవాడు, మరో పడవకు బరువు చాలనివాడు అవుతున్నాడు. ఉన్న పడవలు కొన్నే, శిక్షకులు కొందరే అయినప్పుడు, ఐదారేళ్లు ఎదగడానికి వ్యవధి ఉన్న పిల్లవాడికి ఆ చోటు ఇవ్వడం అన్యాయమని నేను అనుకోను.

పతకం పేరు ఎత్తవద్దన్న మాటతోనూ నేను ఏకీభవించను. భోపాల్‌లోని సెయిలింగ్ అకాడమీలో శిక్షణ పొందిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లో దేవాస్ జిల్లాకు చెందిన రైతు కుటుంబంలో పుట్టిన అమ్మాయి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఐఎల్‌సీఏ 4 బాలికల విభాగంలో రజత పతకం తెచ్చింది. పేద ఇంటి పిల్లకు ఆ ఉదాహరణ చూపితే అది మభ్యపెట్టడం ఎలా అవుతుంది?

బడి ఉపాధ్యాయిని

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు పాఠాలు చెబుతాను. చుక్కాని గారు పడవ కొలతలు వివరించారు కనుక నేను బడి క్యాలెండరు సంగతి చెబుతాను. వేసవి శిబిరాలు ఏప్రిల్, మే నెలల్లో పెడతారు, ఎందుకంటే పిల్లలకు సెలవులు అప్పుడే. కానీ హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్‌కు తగిన గాలి నైరుతి రుతుపవనాలతో జూన్‌లో మొదలవుతుంది. అందుకే మాన్సూన్ రెగట్టా వంటి పోటీలు జులైలో జరుగుతాయి. బడులు కూడా జూన్‌లోనే తెరుచుకుంటాయి. పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు మొదలవుతాయి. సెలవుల్లో చేరిన పిల్లవాడు అసలు నేర్చుకోవలసిన నెలల్లో తరగతి గదిలో ఉంటాడు. రెండు మూడు వారాలు రాకపోతే శిక్షణ నుంచి పేరు తీసేస్తారు, వెళితే హాజరు తగ్గిందని బడిలో మందలిస్తారు. ఈ రెండింటి మధ్య నలిగిన పిల్లలను నేను చూశాను.

ఎంపిక జరిగే తీరు గురించి కూడా చెప్పాలి. ఉదయం ప్రార్థన వేళ వందలమంది పిల్లలను నిలబెట్టి, వెండి కప్పులు చూపించి, ఎవరికి ఇష్టమో చేతులెత్తమంటారు. ఆ వయసులో ఎత్తని చెయ్యి ఉంటుందా? తరువాత ఎత్తు, బరువు చూసి కొందరిని పిలుస్తారు, మిగిలినవారు మధ్యాహ్నం వరకు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంటారు. తల్లిదండ్రులకు ఈ సంగతి చేరేది అంగీకార పత్రం ఇంటికి వెళ్లినప్పుడే.

విశాఖ తీరవాసి

మాది మత్స్యకార కుటుంబం. సముద్రపు ఒడ్డున పుట్టిన పిల్లలకు ఈత, గాలి, అల అన్నీ తెలిసి ఉంటాయి కనుక వారిని ఎంచుకుంటే సగం శిక్షణ తప్పుతుందని కొందరు అంటుంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మా ఊళ్లో పదేళ్ల పిల్లవాడు కూడా ఈరోజు వేటకు వెళ్లవచ్చో లేదో మబ్బును చూసి చెబుతాడు. కానీ మా తండ్రులు, తాతలు వలలు మోసి, అప్పులు తెచ్చి మమ్మల్ని బడికి పంపింది మేము సముద్రం మీది నుంచి ఒడ్డు ఉద్యోగాలకు రావాలని. అటువంటి ఇంటికి వెళ్లి మీ పిల్లవాడిని పడవ ఎక్కిస్తామని చెబితే, మళ్లీ ఈ పడవేనా అని ఆ తల్లి అడుగుతుంది. ఆమెను ఒప్పించాలంటే ఈ పడవ ఎక్కినవాడికి చేతికి వచ్చేదేమిటో నిజాయితీగా చెప్పాలి. ఉద్యోగం ఖాయమని చెప్పి, మూడేళ్ల తరువాత ఉత్త చేతులతో పంపితే ఆ ఊరిలో రెండోసారి ఎవరూ తలుపు తీయరు.

నేను బడిలో ఉండగా ఎన్‌సీసీ నౌకా విభాగంలో చేరాను. అందులో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలనే తీసుకుంటారు. వేలర్ అనే పొడవాటి పడవలో అందరం కలిసి తెడ్లు వేయడం, తెరచాప ఎత్తడం, తాళ్లకు ముడులు వేయడం నేర్పారు. ఒలింపిక్స్ గురించి ఎవరూ మాకు చెప్పలేదు. రెండేళ్ల తరువాత పరీక్ష పెట్టి ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చారు. బరువు తక్కువని ఎవరినీ పంపేయలేదు, ఎందుకంటే అక్కడ ఒకరి బరువుతో పని లేదు, అందరూ ఒకే లయలో తెడ్డు వేస్తేనే పడవ కదులుతుంది. పదమూడేళ్ల పిల్లలకు పడవ నేర్పడం కుదరదనేవారు ఈ విధానాన్ని ఒకసారి పరిశీలించాలి.

బోరబండ తల్లి

మా అమ్మాయిని తీసుకుంటామని ఒక సంస్థ వారు అడిగారు. ఎనిమిదో తరగతి చదువుతోంది, తనకు చాలా ఇష్టం. అంగీకార పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. చివరి పేజీలో, ప్రమాదం జరిగితే తమకు బాధ్యత లేదన్న వాక్యాన్ని మా పక్కింటి అబ్బాయి చదివి చెప్పాడు. మా వారికి 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటు ఇంకా కళ్లముందే ఉంది. నలభైమందికి పైగా చనిపోయిన ఆ ప్రమాదం తరువాత పడవ అన్న మాట ఎత్తితేనే మా ఇంట్లో భయం. దానికి తోడు హుస్సేన్‌సాగర్ నీటి సంగతి నగరంలో అందరికీ తెలుసు. నాలాల్లోంచి మురుగు వచ్చి కలిసే ఆ నీళ్లలో పడవ బోల్తా పడి, అమ్మాయి రెండు గుక్కలు మింగితే ఎవరిని అడగాలి? బట్టలు మార్చుకునే గది ఉందా, నెలసరి రోజుల్లో రాకపోతే పేరు తీసేస్తారా అని అడిగితే సరిగా జవాబు చెప్పలేదు. ఎండకు నల్లబడుతుందని బంధువులు అంటున్నారు గాని నేను ఆ మాటను లెక్కచేయడం లేదు. మిగిలినవాటికి జవాబు కావాలి.

చుక్కాని

అమ్మా, మీరు అడిగినవన్నీ అడగవలసినవే. కచ్చులూరులో మునిగినది ప్రయాణికులను ఎక్కించుకుని వరద గోదావరిలో వెళ్లిన పెద్ద బోటు. పిల్లలు నడిపే చిన్న పడవ (డింగీ) బోల్తా పడడం మాత్రం శిక్షణలో భాగమే. దానిలో గాలి నింపిన సంచులు ఉంటాయి కనుక మునిగిపోదు. పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని ఉంటారు, మొదటి రోజుల్లోనే కావాలని పడవను తిప్పేసి, తిరిగి నిలబెట్టడం నేర్పిస్తారు. మోటారుతో నడిచే సేఫ్టీ బోటు నీళ్లలో లేకుండా ఒక్క పిల్లను కూడా దించకూడదు, దించేవారి దగ్గరికి మీ అమ్మాయిని పంపవద్దు. నీటి నాణ్యత విషయంలో మాత్రం మీ భయాన్ని తోసిపుచ్చలేను. పిల్లలు ఒడ్డుకు వచ్చిన వెంటనే శుభ్రమైన నీటితో స్నానం చేసే ఏర్పాటు, గాయం ఉన్నవారిని నీళ్లలోకి దించని నియమం, మురుగు వాసన ఎక్కువగా ఉన్న రోజు శిక్షణ ఆపేసే అధికారం శిక్షకుడికి ఉండాలి.

తెరచాప

చుక్కాని గారు పడవ కొలతలతో చెప్పినదంతా వాస్తవమే, కాని అది పోటీలకు సంబంధించిన వాస్తవం. నేహా ఠాకూర్ విజయాన్ని నేనూ గర్వంగానే చెప్పుకుంటాను. అయితే ఆమె వెనుక వసతి, భోజనం, చదువు, పడవలు అన్నింటినీ భరించిన ఒక రాష్ట్ర ప్రభుత్వ అకాడమీ ఉంది. వారానికి రెండు సాయంత్రాలు నేర్పే శిక్షణకు ఆమె పేరు చెప్పి పిల్లలను పిలవడం సమంజసం కాదు. మొదటి తరం అక్షరాస్యుల ఇళ్లలో తల్లిదండ్రులు ఆ మాటను ఆశగా కాక హామీగా వింటారు. దానిని నమ్మి చదువును పక్కన పెట్టిన పిల్లవాడి నష్టానికి బాధ్యులెవరు?

పోటీకి అందని పెద్ద పిల్లలతో ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. ఒక రెగట్టా జరగాలంటే పోటీదారులు మాత్రమే చాలరు. నీళ్లలో పోటీ దారిని చూపే తేలియాడే గుర్తులు (బోయాలు) వేసేవారు, గాలి దిశ మారినప్పుడు వాటిని జరిపేవారు, సేఫ్టీ బోటు నడపడంలో సహాయపడేవారు, ఫలితాలు రాసేవారు, పగిలిన ఫైబర్ పడవలను అతికేవారు, చిన్నపిల్లలకు మొదటి పాఠాలు చెప్పే సహాయ శిక్షకులు కావాలి. ఈ పనులు నేర్చుకోవడానికి పదిహేనేళ్ల వయసు ఎక్కువ కాదు, నిజానికి తొమ్మిదేళ్ల పిల్లవాడు ఇవి చేయలేడు. ఈ పనుల మధ్యనే ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే పడవల్లో వారికీ సెయిలింగ్ నేర్పవచ్చు. తీరవాసి గారు చెప్పిన ఎన్‌సీసీ పద్ధతి ఇందుకు తగినది, ఎందుకంటే అది పిల్లవాడిని వడపోసి పారేయదు.

ఉపాధ్యాయిని గారు చెప్పిన క్యాలెండరు చిక్కుకు నాకు తోచిన మార్గం ఒక్కటే. ఎనిమిదో తరగతిలో చేర్చుకుని, జూన్ నుంచి ఆగస్టు వరకు శని, ఆదివారాల్లో మాత్రమే నీళ్లలోకి దించాలి. పదో తరగతి మొత్తం సెలవుగా ప్రకటించి, పరీక్షలు రాశాక తిరిగి వచ్చే హక్కు ఉంచాలి. ఇంటర్మీడియట్ హాస్టళ్లు పిల్లలను ఆదివారం కూడా బయటికి పంపని మన రాష్ట్రాల్లో అందరూ తిరిగి రారు, అది నాకూ తెలుసు. వచ్చినవారికైనా తలుపు తెరిచి ఉండాలి. ఎంపిక కూడా ప్రార్థన మైదానంలో కాక తల్లిదండ్రుల సమావేశంలో, తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన పత్రంతో జరగాలి.

బోరబండ అమ్మగారూ, సంతకం పెట్టే ముందు ఆ సంస్థ వారిని మరోసారి కలవండి. ఎంతమంది పిల్లలకు ఎన్ని సేఫ్టీ బోట్లు ఉంటాయో, స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి గది ఎక్కడుందో, మహిళా శిక్షకురాలు ఉన్నారో లేరో, పదో తరగతిలో రాలేకపోతే మీ అమ్మాయి పేరు ఉంచుతారో లేదో అడగండి. వారి బాధ్యత లేదన్న వాక్యానికి బదులు పిల్లల పేరిట ప్రమాద బీమా చేసిన కాగితం చూపమనండి. ఈ జవాబులన్నీ రాతలో ఇచ్చేవరకు ఆ పత్రాన్ని మీ దగ్గరే ఉంచుకోండి.