నైజీరియా వీడియో సినిమాలు ఉన్న సమాజాన్ని చూపుతున్నాయా, కొత్త సమాజాన్ని మలుస్తున్నాయా?

శారద: డబ్బు కోసం చేసే నరబలిని ఆకర్షణీయంగా చూపకుండా 2024లో నైజీరియా సెన్సార్ బోర్డు ఆంక్షలు ప్రకటించింది. నా దృష్టిలో ఇది ముప్ఫై ఏళ్లు ఆలస్యమైంది. ఆ దేశపు వీడియో పరిశ్రమకు దారి వేసిన ‘లివింగ్ ఇన్ బాండేజ్’ 1992 నాటి ఇగ్బో భాషా చిత్రం. తోటివారి కార్లు చూసి ఓర్వలేని ఆండీ, లేగోస్‌లో ఒక రహస్య కూటమిలో చేరి, భార్య మెరిట్‌ను బలి ఇచ్చి ధనవంతుడవుతాడు. చివరికి పిచ్చివాడై వీధిన పడతాడన్నది నిజమే కానీ, అంతకు ముందు చూపిన వైభవమే కుర్రవాళ్ల మనసులో నిలుస్తుంది.

రఘురామ్: శారద గారూ, నరబలి ఇస్తే డబ్బు వస్తుందన్న నమ్మకం ఆ సినిమా కంటే పాతది. 1986 ఆర్థిక సంస్కరణల తర్వాత అక్కడి కరెన్సీ నైరా విలువ పడిపోయి, జీతగాళ్ల ఇళ్లు గడవడమే కష్టమైన రోజుల్లో, ఏ పనీ కనిపించని మనుషులు మేడలు కడుతుంటే ‘ఇది రక్తపు సొమ్మే’ అని జనం గుసగుసలాడుకున్నారు. నిర్మాత కెనెత్ నెబూ స్వయంగా క్యాసెట్ల వ్యాపారి కనుక, ఊరంతా చెప్పుకునే కథనే క్యాసెట్టులో పెట్టి అమ్మాడు. 1996లో ఆగ్నేయ నైజీరియా నగరం ఒవెరిలో, డబ్బు కోసం ఇచ్చిన బలి అని జనం నమ్మిన ఒక బాలుడి హత్య బయటపడినప్పుడు జనం ఏం చేశారో గుర్తు చేసుకోండి.

శారద: 1996 అంటే ఆ సినిమా వచ్చిన నాలుగేళ్లకు. మీ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది.

రఘురామ్: రాదండీ. ఒవెరి జనం ఆండీని అనుకరించలేదు. ఉన్నట్టుండి ధనవంతులైన వారి ఇళ్లకు నిప్పు పెట్టారు. అంటే వారు మెరిట్ పక్షాన నిలిచారు.

వసుంధర: ఇద్దరూ బలి దగ్గరే ఆగిపోయారు, నాకు అంతకంటే ముఖ్యమనిపించేది టీనా పాత్ర. మెరిట్‌ను ఇవ్వలేక ఆండీ మొదట టీనా అనే వేశ్యను తన భార్యగా నమ్మించి కూటమి ముందుకు తీసుకెళతాడు. ఆమె యేసు పేరు ఎత్తి కేకలు వేయగానే వారి ఆట సాగదు. తర్వాత మతిపోయి వీధిలో తిరుగుతున్న ఆండీని చర్చికి నడిపించేదీ ఆమే. ఆపై ఎన్నో దక్షిణ నైజీరియా చిత్రాలు ఇదే దారి పట్టాయి: పూర్వీకుల గుడి అంటే ఎర్ర గుడ్డ, పుర్రె, మోసం, విముక్తి మాత్రం పెంతెకొస్తు పాస్టర్ చేతిలో. (హిందీ పాటలు చూస్తూ పెరిగిన ఉత్తరాది కానో నగరపు హౌసా భాషా చిత్రాల దారి వేరు, దాన్ని ఇక్కడ కలపను.) ఒక తరం తన తాతల దేవతలను చూసి జంకడం నేర్చుకున్నదంటే, ఆ పాఠంలో కొంత భాగం ఈ క్యాసెట్లదే. అక్కడ సినిమా అద్దం పాత్ర దాటిపోయింది.

రఘురామ్: చర్చిల ప్రచారం ఆ పని ముందే మొదలుపెట్టింది కదా?

వసుంధర: మొదలుపెట్టింది. అయితే చర్చి మెట్లెక్కని వారి ఇంటికి కూడా వీడియో వెళ్లింది.

శారద: గుడుల విషయంలో వసుంధర గారి మాట ఒప్పుకుంటాను. అలా అయితే బోర్డు ఆంక్షలు సగం పనే చేస్తాయి: బలి దృశ్యానికి కత్తెర పడవచ్చు గానీ, చివర వచ్చే పాస్టర్ జోలికి ఎవరూ వెళ్లరు.