మూజువాణిలో ‘వాణి’ ఎక్కడిది?

రేడియోప్రియ: పాత రేడియో వార్తల్లో ఒక వాక్యం చెవిలో ఉండిపోయింది. “బిల్లు మూజువాణి ఓటుతో సభ ఆమోదం పొందింది. రాష్ట్రపతి ...ముద్ర పడితే చట్టమవుతుంది.” ఆ ముద్ర రాజముద్రా, ఆమోదముద్రా? నాకు ‘రాజ’ అనే మోగుతోంది. మా ఆయన ‘ఆమోద’ అంటారు.

కచేరీసావిడి: ముద్ర సంగతి తర్వాతమ్మా. మూకి దీర్ఘం ఎందుకిచ్చారు? మా వైపు రెవెన్యూ పెద్దలు ‘ముజువాణి కౌలు’ అనేవారు. అంటే కాగితం లేని నోటిమాట కౌలు. సభలో మూజువాణి ఓటూ అంతే, అవుననో కాదనో నోటితో చెప్పడమే.

నిఘంటుదాసు: దీర్ఘమే సరి. ఉర్దూ ‘ముహ్ జబానీ’ (నోటిమాటగా) నుంచి వచ్చిందని నా నమ్మకం. హకారం జారిపోయింది, దాని ముందున్న అచ్చు సాగింది.

అవధానపిచ్చి: కళ్లెదుట వాణి ఉండగా ఉర్దూ దాకా ఎందుకండీ? ఇది మూడు వాణులు. అవునన్నవాళ్లదే నెగ్గిందనుకుంటున్నానని సభాపతి ఒకసారి అంటారు. ఎవరూ కాదనకపోతే, నెగ్గిందని రెండుసార్లు ప్రకటిస్తారు. ఒకటీ రెండూ మూడు!

నిఘంటుదాసు: లెక్క బాగానే కుదిరింది గానీ, ఎవరైనా కాదంటే? లోక్‌సభ 367వ నిబంధన చూడండి. లాబీలు ఖాళీ చేయించి, 3 నిమిషాల 30 సెకన్లు ఆగి ప్రశ్న మళ్లీ వేస్తారు. అప్పుడూ కాదంటే డివిజనే, అంటే ఓట్లు నమోదుచేసి లెక్కపెట్టడమే. అక్కడ మీ వాణులు ఎన్నవుతాయి? పైగా ఆ ‘జు’ని ఒకసారి పలకండి. దంత్యం, అంటే నాలుక పళ్లకు తగిలే జకారం. సంస్కృతంలో దంత్య జకారం ఎక్కడుంది? ‘జబాను’లో ఉన్నది మాత్రం అదే.

అవధానపిచ్చి: మూజు సంస్కృతమని నేనెప్పుడన్నాను? మూజు మనది, వాణి వారిది. మిశ్రసమాసం. బానీ ‘ణి’ ఎలా అయిందో మీరే చెప్పండి మరి.

కచేరీసావిడి: రాసినవాడికి వాణి తెలుసు కాబట్టి అయింది. గుమాస్తాల చేతిలో ఇంతకంటే ఘోరాలు జరిగాయి.

తుంగభద్ర: పదం ఎక్కడిదైనా మన జాతకం దానితోనే రాశారు. 2014 జనవరి 30న విభజన బిల్లును తిరస్కరించే తీర్మానాన్ని ఉమ్మడి రాష్ట్ర శాసనసభ మూజువాణితోనే నెగ్గించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ అదే బిల్లును మూజువాణితోనే ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి సంతకం. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం రాష్ట్రం అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోనక్కర్లేదు.

నిఘంటుదాసు: రాజకీయం వద్దు తమ్ముడూ, అడ్మిన్ తాళం వేస్తారు.

అవధానపిచ్చి: వాణి అన్నారు కాబట్టి పిల్లలమర్రి పినవీరభద్రుణ్ణి తలుచుకోవాల్సిందే. గడువు నెత్తిమీదికొచ్చినా చింత లేదు, ‘వాణి నా రాణి’ అన్నాడట. ఆ తల్లి వచ్చి రాత్రికి రాత్రి జైమిని భారతం పూర్తిచేసిందని కథ. అంత ధీమా ఇంకే కవికుంది?

తుంగభద్ర: ఆ వేగం పార్లమెంటుకీ ఉంది సార్. పేదల పది శాతం రిజర్వేషన్ బిల్లు 2019 జనవరి 8న లోక్‌సభలో, 9న రాజ్యసభలో నెగ్గింది. 12న రాష్ట్రపతి సంతకం.

కచేరీసావిడి: అది మూజువాణి కాదు. రాజ్యాంగ సవరణ కదా, తలలు లెక్కపెట్టాల్సిందే. హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు కావాలి, మొత్తం సభ్యుల్లో సగానికి మించాలి. లోక్‌సభలో 323కి 3.

రేడియోప్రియ: అందరికీ నమస్కారం. నా ముద్ర?

నిఘంటుదాసు: రాజు పోయాక రాజముద్రేమిటమ్మా? అయితే ‘ఆమోదం’తోనూ తంటా ఉంది. సభ చేసేదీ ఆమోదమే, రాష్ట్రపతి ఇచ్చేదీ ఆమోదమే. ‘సమ్మతి’ మేలు.

తుంగభద్ర: ఆ సమ్మతికి 111వ అధికరణలో గడువే లేదు. 1986 నాటి తపాలా సవరణ బిల్లును అప్పటి రాష్ట్రపతి జైల్‌సింగ్ ఒప్పుకోలేదు, తిప్పి పంపలేదు, అలా అట్టేపెట్టుకున్నారు. దానికేం మాట వాడదాం?

అవధానపిచ్చి: మౌనముద్ర.

కచేరీసావిడి: ఇది బావుంది, ఒప్పుకుంటున్నా. మూడు వాణులు మాత్రం ఒప్పుకోను. సరే, డివిజన్ అనవసరమనిపిస్తే సభాపతి సభ్యుల్ని లేచి నిలబడమని లెక్కపెడతారు కదా, దానికి తెలుగు మాటేమైనా ఉందా? ‘శిరోగణన’ అన్నవాళ్లతో మాట్లాడను.