పోచంపల్లి చీరల బ్రోచర్‌లో ‘గ్లోబల్’ అని ఎక్కడ రాయాలి, ఎక్కడ వద్దు?

మగ్గం_ఇల్లు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది భూదాన్ పోచంపల్లి. నాన్న, అన్న మగ్గం మీద ఉంటారు, డిగ్రీ అయిపోయినంక అమ్మకాల పని నేను చూసుకుంటున్నా. ఇదివరకు హైదరాబాద్ షాపులకే చీరలు వేసేవాళ్లం. ఈమధ్య బయటి దేశాల్లో ఉన్నవాళ్లు కూడా వాట్సాప్‌లో అడుగుతున్నారు. అందుకని ఇంగ్లిష్‌లో నాలుగు పేజీల బ్రోచర్ వేయిద్దామనుకున్నాం.

డిజైన్ చేసే అతను మ్యాటర్ కూడా తనే రాసి పంపాడు. ఎక్కడ చూసినా గ్లోబలే. మొదటి పేజీలో ‘గ్లోబల్ ఇక్కత్ ఫ్రమ్ పోచంపల్లి’. లోపల ‘గ్లోబల్ క్వాలిటీ’, ‘వి షిప్ గ్లోబల్’. చివర జీఐ ట్యాగ్ బొమ్మ కింద ‘గ్లోబల్ ఇండికేషన్ సర్టిఫైడ్’ అని ఉంది. ఈ చివరిది తప్పని తెలిసి వెంటనే కొట్టేశాను, జీఐలో జీ అంటే జియోగ్రాఫికల్. మిగతా వాటి సంగతే తేలడం లేదు. చదువుతుంటే ఏదో అతికించినట్టుంది, కానీ తప్పెక్కడుందో పట్టుకోలేకపోతున్నా. అన్నేమో ‘పెద్ద పెద్ద కంపెనీలన్నీ అట్లనే రాస్తయి, ఉండనీ’ అంటున్నాడు.

డిక్షనరీ తీస్తే గ్లోబల్, ఇంటర్నేషనల్, వరల్డ్‌వైడ్, యూనివర్సల్ అన్నిటికీ ఇంచుమించు ‘ప్రపంచవ్యాప్త’ అనే అర్థమే ఇచ్చారు. మరి వీటికి తేడా ఏమిటి? మా చీరకు ఏది నప్పుతుంది? చీర మగ్గం ఎక్కకముందే నూలు కట్టడానికి, రంగులు అద్దడానికి ఇంటిల్లిపాదీ కూర్చుంటాం. అంత కష్టపడి నేసినదాని గురించి రాసే నాలుగు మాటలు సరిగ్గా ఉండాలని నా పట్టుదల. తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు_మాస్టారు:

అమ్మా, నీకు అతికించినట్టు అనిపించడం సబబే. నేను మహబూబ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి రిటైరైనవాణ్ణి. కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

లాటిన్‌లో గ్లోబస్ అంటే గోళం. గ్లోబల్ అనే మాట ఇంగ్లిష్‌లోకి 17వ శతాబ్దంలో వచ్చినప్పుడు దానికి గుండ్రటిది అనే అర్థమే ఉండేది. ఇప్పుడు ఆ అర్థంలో ఎవరూ వాడరు, స్ఫెరికల్ అంటారు. ప్రపంచమంతటికీ సంబంధించిన అనే అర్థం 19వ శతాబ్దం చివర్లో గానీ రాలేదు. 1960లలో కెనడాకు చెందిన మీడియా పండితుడు మార్షల్ మెక్‌లూహన్ ‘గ్లోబల్ విలేజ్’ అన్నాక ఆ మాట నలుగురి నోళ్లలో పడింది. మన దగ్గరైతే 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత పత్రికల్లో రోజూ కనిపించడం మొదలైంది.

పుట్టుకను బట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. భూగోళం మొత్తాన్ని ఒక్కటిగా లెక్కలోకి తీసుకుంటేనే గ్లోబల్ అనాలి. ఒక వస్తువు రెండు మూడు దేశాలకు పోయినంత మాత్రాన అది గ్లోబల్ అయిపోదు. గ్లోబల్ వార్మింగ్ సంగతే తీసుకో. ప్రతి ఊరూ ప్రతి రోజూ వేడెక్కుతుందని దానర్థం కాదు. భూమి మొత్తానికి కట్టిన సగటు ఉష్ణోగ్రత ఏళ్ల తరబడి పెరుగుతోందని అర్థం. జనవరిలో మా జిల్లాలో చలి వణికించినా ఆ మాటకు వచ్చిన లోటు లేదు.

ఇంటర్నేషనల్‌లో ‘ఇంటర్’ అంటే నడుమ. దేశానికీ దేశానికీ నడుమ జరిగేది. రెండు దేశాలున్నా చాలు. హైదరాబాద్ నుంచి దుబాయ్ పోయే విమానం ఇంటర్నేషనల్ ఫ్లైటే, దాన్ని గ్లోబల్ ఫ్లైట్ అనరు.

ఈ రెంటికీ తేడా తెలియాలంటే మీ ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ఒక పద్ధతి తయారుచేసింది. నీళ్లలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వేసి బాగా కలుపుతారు. ఆ కలిపినదాంట్లో ఏర్పడే తెట్టు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్లను వడపోసుకుంటారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియా లాంటి దేశాల్లో కూడా వాడి చూశారు. ఫ్లోరైడ్ బాధ మన దగ్గరే కాదు, చైనాలో ఉంది, తూర్పు ఆఫ్రికాలో ఉంది, ఇంకా చాలా చోట్ల ఉంది. కాబట్టి ఫ్లోరైడ్‌ను గ్లోబల్ ప్రాబ్లమ్ అంటే ఒప్పుతుంది. నల్గొండ టెక్నిక్‌కు వచ్చింది ఇంటర్నేషనల్ గుర్తింపు. దాన్ని గ్లోబల్ టెక్నిక్ అంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది.

వరల్డ్‌వైడ్ అర్థంలో గ్లోబల్‌కు దగ్గరే, వాక్యంలో మాత్రం దానికి వీలు ఎక్కువ. క్రియ తర్వాత కూడా నిలబడుతుంది. ‘వి షిప్ వరల్డ్‌వైడ్’ అనొచ్చు. ‘వి షిప్ గ్లోబల్’ అంటే వ్యాకరణం ఒప్పుకోదు, ‘గ్లోబల్లీ’ అనాలి.

యూనివర్సల్ దారి వేరు. అందులో ఎంత దూరం పాకింది అన్నదానికంటే ఎవరినీ వదలలేదు అన్నది ముఖ్యం. ఐక్యరాజ్యసమితి 1948లో చేసిన మానవ హక్కుల ప్రకటన పేరులో ఉన్నది ఈ మాటే. చదువు, ఆస్తి, కులం చూడకుండా పెద్దవాళ్లందరికీ ఇచ్చిన ఓటు హక్కును మనం సార్వజనీన వయోజన ఓటు హక్కు అంటాం, అక్కడా ఇంగ్లిష్‌లో యూనివర్సలే. చీరకు ఈ మాట అవసరం పడదు.

కొన్ని చోట్ల ‘వరల్డ్’ స్థిరపడిపోయింది. వరల్డ్ రికార్డ్, వరల్డ్ కప్, వరల్డ్ బ్యాంక్. అక్కడ గ్లోబల్ పెడితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. దీనికి సూత్రం వెతకొద్దు, వినగా వినగా రావాల్సిందే.

ఇక నీ బ్రోచర్. ‘గ్లోబల్ ఇక్కత్ ఫ్రమ్ పోచంపల్లి’ తీసెయ్. ఇక్కత్ అనే పేరు మలయ్-ఇండోనేషియా భాషల్లో కట్టడం అనే మాట నుంచి వచ్చింది. నూలును ముందే కట్టి రంగు అద్ది నేయడం ఇండోనేషియా, జపాన్, ఉజ్బెకిస్తాన్, గ్వాటెమాలాల్లో కూడా ఉంది. అంటే ఇక్కత్ కళను గ్లోబల్ అనొచ్చు. కానీ నువ్వు అమ్మేది పోచంపల్లి ఇక్కత్. దాని విలువంతా ఆ ఊరి పేరులో ఉంది. జీఐ ట్యాగ్ ఇచ్చేది కూడా ఫలానా సరుకు ఫలానా ప్రాంతానిదని చెప్పడానికే. ఆ ట్యాగ్ ఉన్న చీర మీద గ్లోబల్ అని రాస్తే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టుంటుంది.

‘గ్లోబల్ క్వాలిటీ’ అన్నదానికి అర్థమే లేదు. ప్రపంచమంతా ఒప్పుకున్న చీర నాణ్యత కొలబద్ద ఎక్కడుంది? దాని బదులు ఆ చీరలో ఏముందో రాయి. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) రెండూ కట్టి రంగు అద్దారా, పేక ఒక్కటేనా? పట్టా, నూలా? కొనేవాళ్లకు కావాల్సింది అది.

మిర్యాలగూడ_కోడర్:

మాస్టారు చెప్పిన ‘మొత్తాన్ని ఒక్కటిగా’ అన్నది మా పనిలో రోజూ కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో ఒక విలువను దాచుకునే పేరును వేరియబుల్ అంటాం. గ్లోబల్ వేరియబుల్ అంటే ఆ ప్రోగ్రామ్‌లో ఎక్కడి నుంచైనా అందేది. ప్రపంచంతో దానికి పని లేదు, అక్కడ ‘మొత్తం’ అంటే ఆ ప్రోగ్రామే. ఒక్క ఫంక్షన్ (ప్రోగ్రామ్‌లో ఒక చిన్న భాగం) లోపలే బతికేది లోకల్ వేరియబుల్.

అర్థం తేల్చుకోవడానికి నేను వ్యతిరేక పదం చూస్తా. గ్లోబల్‌కు లోకల్. ఇంటర్నేషనల్‌కు నేషనల్, విమానాల దగ్గరైతే డొమెస్టిక్. ఎదురుగా ఏది పెడితే నప్పుతుందో చూస్తే ఏ మాట వాడాలో చాలావరకు తెలిసిపోతుంది.

నల్గొండ_ఫిజియో:

నేను నల్గొండలో చిన్నపిల్లలకు ఫిజియోథెరపీ చేస్తా. బ్రోచర్ గురించి కాదు గానీ ఈ మాట వల్ల కుటుంబాలు పడే టెన్షన్ కళ్లారా చూశాను, అందుకే రాస్తున్నా.

పిల్లల రిపోర్టుల్లో ‘గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే’ అని వస్తుంటుంది. ఒక తల్లి ఫోన్‌లో తెలుగు చేసి చూసుకుంటే ‘ప్రపంచ అభివృద్ధి ఆలస్యం’ అని వచ్చిందట. బాబును చంకలో వేసుకుని వచ్చి ‘మేడమ్, ఇది ప్రపంచమంతా వచ్చిన జబ్బా? కరోనా లెక్క అంటుకుంటదా? ఇంట్లో ఇంకో పాప ఉంది’ అని అడిగింది. రాత్రంతా నిద్రపోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆ పాపను బాబు దగ్గరికి రానివ్వకుండా వేరే గదిలో పడుకోబెట్టారట.

అక్కడ గ్లోబల్ అంటే ఆ బిడ్డ ఎదుగుదల మొత్తంగా అని. ఐదేళ్లలోపు పిల్లల్లో నడక, చేతుల పని, మాట, అర్థం చేసుకోవడం, నలుగురితో మెలగడం లాంటి వాటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ బాగా వెనకబడితే ఆ పేరు రాస్తారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. పక్షవాతం వచ్చినవాళ్ల రిపోర్టుల్లో ‘గ్లోబల్ అఫేసియా’ అని ఉంటుంది. మాట్లాడడం, ఎదుటివాళ్లు చెప్పింది అర్థం చేసుకోవడం, చదవడం, రాయడం అన్నీ బాగా దెబ్బతిన్నాయని దానర్థం. ఇలాంటి చోట్ల తెలుగులో ‘సమగ్ర’ అన్నా ‘అన్ని రకాల’ అన్నా సరిపోతుంది. ‘ప్రపంచ’ మాత్రం అస్సలు పనికిరాదు. రిపోర్ట్ చేతికిచ్చేటప్పుడే ఎవరో ఒకరు కూర్చోబెట్టి రెండు నిమిషాలు చెప్తే ఆ తల్లికి ఆ రాత్రి తప్పేది.

మగ్గం_ఇల్లు:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారు గారూ, మీరు రాసింది అన్నకు చదివి వినిపించాను. ‘పడుగు పేక సంగతి రాయమన్నరు సూడు, అది రాయి’ అన్నాడు. మొదటి పేజీలో ఇప్పుడు ‘హ్యాండ్‌వోవెన్ ఇన్ పోచంపల్లి’ అని మాత్రమే పెట్టా. క్వాలిటీ అన్న చోట డబుల్ ఇక్కత్ (పడుగు, పేక రెండూ కట్టి రంగు అద్దింది) అంటే ఏమిటో మూడు వాక్యాలు రాశా.

రెండు అనుమానాలు మిగిలాయి. మా ఊరికి 2021లో ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు వచ్చింది. దాన్ని ‘గ్లోబల్ అవార్డ్ విన్నింగ్ శారీస్’ అని రాయొచ్చా అని డిజైన్ అతను అడుగుతున్నాడు. ఇంకోటి, ‘వి షిప్ వరల్డ్‌వైడ్’ అని ఖాయం చేసుకోవచ్చా?

పాలమూరు_మాస్టారు:

ఆ గుర్తింపు ఊరికి వచ్చింది తల్లీ, చీరకు కాదు. చీరకు తగిలించొద్దు. ‘2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరు’ అని ఇచ్చినవాళ్ల పేరు, సంవత్సరం పెట్టి ఊరి గురించి చెప్పే పేరాలో రాయి. ఆ వివరాలుంటే ఇక ఏ విశేషణమూ అక్కర్లేదు.

వరల్డ్‌వైడ్ విషయంలో మాత్రం కొంచెం ఆగు. వ్యాకరణం సరే, కానీ అలా రాశావంటే ఏ దేశం నుంచి అడిగినా పంపుతామని మాట ఇచ్చినట్టే. బ్రెజిల్ నుంచి ఆర్డర్ వస్తే పంపగలవా? కస్టమ్స్ సుంకం ఎవరు కట్టాలి? అది తేలాకే ఆ మాట వెయ్యి.

మగ్గం_ఇల్లు:

ఇప్పటికైతే అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, సింగపూర్‌లకే పంపుతున్నాం సార్. అక్కడి సుంకం కొనేవాళ్లే కట్టుకుంటారు. అయితే ‘వి షిప్ టు’ అని ఆ నాలుగు దేశాల పేర్లు, కింద సుంకం సంగతి రాసి ప్రింటింగ్‌కు ఇచ్చేస్తా.